మాధవధార గోడకి రంగు పట్టేముందు

చి. లావణ్యకి,

మీ వీధి పిల్లలంతా కలిసి కొండవైపు గోడకి బొమ్మలు వేస్తామంటున్నారు, సంతోషం. నువ్వు పంపిన స్కెచ్ బావుంది, దాని గురించి తర్వాత. ముందు గోడ సంగతి చూడాలి. అది మామూలు ప్రహరీ కాదు, కొండమట్టిని ఆపే రిటైనింగ్ గోడ. వెనకాల తడి ఎప్పుడూ ఉంటుంది. విశాఖలో గోడ బొమ్మ ఎండకంటే ముందు వెనకనుంచి వచ్చే నీళ్ళకే పోతుంది.

ఆ గోడలో అక్కడక్కడా గొట్టాలు కనిపిస్తాయి. మట్టిలో ఊరిన వాననీరు బయటికి రావడానికే అవి పెడతారు. బొమ్మకి అడ్డమని ఒక్కటి కూడా సిమెంటుతో మూయకండి. మూస్తే నీళ్ళు గోడమీద ఒత్తుతాయి, రంగు బుడగలు లేస్తుంది, గోడకే పగుళ్ళు రావచ్చు. గొట్టం ఉన్నచోట చేప నోరో తిమింగలం ముక్కో పడేలా స్కెచ్ జరుపుకోండి. ఒక్కో గొట్టం కింద అడుగు వెడల్పున ముదురు రంగు పెట్టండి, నీటి చార కనబడదు.

తర్వాత చెమ్మ పరీక్ష. రెండడుగుల చదరం పాలిథిన్ షీటు నాలుగు అంచులా టేపుతో గాలి పోకుండా అంటించి ఒకరోజు వదిలెయ్యి. పైన, మధ్యలో, కింద మూడుచోట్ల పెట్టాలి. మర్నాడు షీటు లోపలివైపు నీటి చుక్కలు కనిపిస్తే గోడ ఇంకా ఆరలేదని. కింది అడుగున్నర ఎప్పుడూ తడిగానే ఉంటే అక్కడ బొమ్మ వద్దు, ఊరికే గోడలా వదిలెయ్యండి. వాన చిమ్మే బురదా, కిళ్ళీ ఉమ్ములూ ఎలాగూ అక్కడే పడతాయి.

అలాగే రూపాయి బిళ్ళతో గోడంతా తట్టుకుంటూ వెళ్ళు. గట్టిగా 'టక్'మంటే సరే. డొల్లగా మోగినచోట ప్లాస్టరింగ్ ఊడి ఉన్నట్టే. దాన్ని కొట్టించి మళ్ళీ పూయించాలి. కొత్త పూతని వారంపాటు తడిపి, మొత్తం 28 రోజులు గడిచాకే రంగు ముట్టించాలి. పచ్చి సిమెంటులో క్షారం ఎక్కువ, రంగుని తినేస్తుంది.

దీపావళి వెళ్ళగానే మొదలుపెడదామన్నావు. వద్దు. మనకి అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టి శివరాత్రిలోపు ముగించండి. ఆ రోజుల్లో పొద్దున్నే గోడమీద మంచు ఉంటుంది. చెయ్యి పెడితే తడి తగలకూడదు, తొమ్మిదింటిదాకా ఆగండి. మధ్యాహ్నం ఎండ తగిలి గోడ కాలుతున్నా ఆపెయ్యాలి. బ్రష్ లాగుతుండగానే రంగు ఆరిపోయి అట్టలు అట్టలుగా చారలు పడతాయి.

ఈలోగా కాగితాల పని. గోడ ఎవరిదో ముందు తేల్చుకో. కార్పొరేషన్‌దైతే జీవీఎంసీ జోనల్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, స్కెచ్ జతచేసి, అనుమతి రాతపూర్వకంగా తీసుకో. బహిరంగ స్థలాలని పాడుచేయడంమీద 1997 నుంచి రాష్ట్రంలో చట్టముంది. బొమ్మ మంచిదైనా కాగితం లేకపోతే ఎవరైనా ఫిర్యాదు చేయగలరు. పోర్టు, రైల్వే, నేవీ గోడల జోలికి వాళ్ళ కాగితం లేకుండా వెళ్ళకండి. గోడపైన కరెంటు తీగలు దగ్గరగా ఉంటే కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వాళ్ళకి చెప్పి, లైను ఆపుతామన్న రోజే పరంజా కట్టండి. నిచ్చెన అయితే ప్రతి నాలుగడుగుల ఎత్తుకి పాదం ఒక అడుగు ఎడంగా ఉండాలి, కింద ఒకరు పట్టుకోవాలి.

అసలు కష్టమంతా గోడ శుభ్రం చేయడంలోనే. నల్లగా పాచి పట్టినచోట బ్లీచింగ్ నీళ్ళు రాసి అరగంట ఉంచి కడగండి. చేతికి గ్లౌజు, కంటికి అద్దాలు తప్పనిసరి, దాంట్లో యాసిడ్ కలపకూడదు. తెల్లగా చౌడు పూసినచోట మాత్రం నీళ్ళు పోయకండి. ఆ ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పొడి వైరు బ్రష్‌తో గీకి ఊడ్చి పారేయాలి. పాత సున్నం ఉంటే అరచేత్తో రుద్ది చూడు. తెల్లగా అంటుకుంటే మొత్తం గీకాల్సిందే. సున్నంమీద ఎమల్షన్ వేస్తే రెండో వానకి అప్పడంలా లేస్తుంది. గీకే పని పిల్లలకి విసుగు, రెండోరోజే సగంమంది రారు. అందుకే గీకడానికి మూడురోజులు, బొమ్మకి నాలుగురోజులు అని ముందే చెప్పు.

పగుళ్ళని ఇంగ్లీషు వి ఆకారంలో కొద్దిగా తవ్వి బయటి గోడలకి వాడే క్రాక్ ఫిల్లర్ నింపండి. గోడంతా పుట్టీ పెట్టించకు. నునుపు వస్తుందని మేస్త్రీలు అంటారు. తడి గోడమీద ఆ పుట్టీయే ముందు పొడిగా రాలుతుంది.

లెక్క చూద్దాం. 40 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తంటే 320 చదరపు అడుగులు. ప్రైమర్ ఒక కోటుకి ఐదు లీటర్లు తెచ్చుకో. గరుకు గోడమీద రెండు కోట్లకి లీటరు 40 చదరపు అడుగులకి మించి సాగదు, కాబట్టి నేపథ్యం రంగు 8 లీటర్లు. 10 లీటర్ల బకెట్ కొంటే తర్వాత మరమ్మతుకి మిగులుతుంది. బొమ్మల రంగులు ఆరు, ఒక్కోటి లీటరు చాలు. అన్నీ బయటి గోడల అక్రిలిక్ ఎమల్షనే కావాలి. లోపలి గోడల రంగు చవకని తేవొద్దు. నీళ్ళు ఎంత కలపాలో డబ్బామీద రాసి ఉంటుంది, అంతకుమించి ఒక్క గ్లాసు కూడా వద్దు.

స్టెయినర్, అంటే తెల్ల రంగులో కలిపే చిక్కటి రంగు, దాని దగ్గర చేయి జారుతుంది, జాగ్రత్త. లీటరు తెల్ల ఎమల్షన్‌కి 30 నుంచి 50 మిల్లీలీటర్లు మించితే రంగు సరిగ్గా ఆరదు, చేతికి అంటుతూనే ఉంటుంది. ముదురు రంగులు కావాలంటే షాపులో మెషీన్‌మీద కలిపించి, కోడ్ రాయించుకో. నీ స్కెచ్‌లో ఆకాశమంతా గులాబీ ఉంది. గులాబీ, నిమ్మపసుపు ఎండకి అన్నిటికంటే ముందు వెలిసిపోతాయి. కావిరంగు, మట్టిపసుపు, నలుపు, నీలం నిలుస్తాయి. ఆకాశాన్ని కావి, పసుపుల్లోకి మార్చు. సాయంత్రం వెలుగు దానికే దగ్గర.

ఇక స్కెచ్. అంగుళానికి అడుగు లెక్కన రెండు చార్టులు అతికించి గీయండి, గళ్ళు కొట్టండి. గోడమీద సుద్దపొడి రుద్దిన దారం లాగి చిటికేస్తే అడుగు గళ్ళు పడతాయి. ప్రొజెక్టర్ దొరికితే చీకటి పడ్డాక బొమ్మ వేసుకుని సుద్దతో గీసుకోవచ్చు. స్కెచ్ పెన్నులు, పర్మనెంట్ మార్కర్లు మాత్రం వద్దు. ఆ సిరా మూడు కోట్ల రంగులోంచి కూడా పైకి వస్తుంది. పైనుంచి కిందికి, దూరంవి ముందు, దగ్గరవి తర్వాత, గీతలు ఆఖర్న. స్ప్రే వాడే పనుంటే గాలి లేచేలోపే ముగించండి. పది దాటాక సముద్రగాలి మొదలైతే తుంపర అవతలి బండ్లమీద పడుతుంది.

కోనాం చేప బొమ్మలో ఒక తప్పుంది. వీపుమీద పెద్ద రెక్క తర్వాత తోకదాకా చిన్న చిన్న రెక్కలు వరసగా ఉంటాయి, కడుపువైపూ అంతే. నువ్వు వీపు నున్నగా గీశావు. జాలారిపేట నుంచి మీ వీధికి చేపల గంప తెచ్చే అమ్మ దాన్ని చూసి ఊరుకోదు. ఏటికొప్పాక బొమ్మలు బావున్నాయి, కానీ మరీ చిన్నవి. బండిమీద వెళ్ళేవాడికి కనబడాలంటే ఒక్కో బొమ్మ కనీసం మూడడుగులుండాలి. పక్కన లెక్కకి మించి వివరాలు వద్దు, వీధిలో చూపు నిలిచేది రెండు క్షణాలు.

గోడ దగ్గర మూత్రం పోయకుండా దేవుళ్ళ బొమ్మలు వేద్దామని మీ పెద్దవాళ్ళు అన్నారట. నాకది నచ్చదు. పోసేవాడు పోస్తూనే ఉంటాడు, మధ్యలో దేవుడికి అవమానం. అక్కడ వీధిదీపం వెలిగేలా చూడండి, చాలావరకు అదే ఆపుతుంది.

బొమ్మ పైన క్లియర్ కోటు, అంటే రంగులేని రక్షణ పూత, వేయాలా అని అడిగావు. షీటుకి చుక్కలు పట్టని భాగంలోనే, అదీ బయటి గోడల అక్రిలిక్ క్లియర్‌తోనే, రంగు బాగా ఆరాక. చెక్కకి వేసే వార్నిష్ అయితే పచ్చబడుతుంది. తడి ఉన్నచోట క్లియర్ వేస్తే నీటిని లోపలే బంధించినట్టు.

కోచింగ్ సెంటర్ల పోస్టర్లు ఎలాగూ వస్తాయి. మైదా జిగురు కాబట్టి గోరువెచ్చని నీళ్ళతో నానబెట్టి, పుట్టీ బ్లేడు వాడకుండా చేత్తోనే లాగాలి. ప్రతి రంగూ పావులీటరు గట్టి మూత సీసాలో పోసి, కోడు, తేదీ రాసి నీడలో దాచు. వచ్చే డిసెంబరులో వానలు తగ్గాక బొబ్బలెక్కినచోట గీకి, ఆరబెట్టి, దాంతోనే అద్దొచ్చు.

పాలిథిన్ షీటు ఈ ఆదివారమే అంటించు. మూడుచోట్లా ఫొటో తీసి పంపు, నీటి చుక్కలు ఎక్కడున్నాయో చూసి కింద ఎంత వదలాలో చెబుతాను.

ఆశీస్సులతో,
మావయ్య