గోర్బచేవ్, యాభై రూబుళ్ళ నోటు, మా హాస్టల్ త్యోత్యా

ప్రశ్న: సోవియట్ యూనియన్ చివరి నాయకుడు గోర్బచేవ్ పతనానికి అసలు కారణం ఏమిటి? ఆయన అమెరికాకి అమ్ముడుపోయాడంటారు, నిజమేనా?

నేను 1988 నుంచి 1994 దాకా డాన్ నది ఒడ్డున రోస్తోవ్‌లో మెడిసిన్ చదివాను. వాట్సాప్‌లో చదివి చెప్పేవాళ్ళకన్నా ఈ ప్రశ్నకి జవాబు చెప్పే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉందనుకుంటున్నాను. (‘రష్యా డాక్టరా’ అని పెదవి విరిచే మా బంధువులు ఇది చదవక్కర్లేదు. మీ బీపీ మాత్రలు రాసిస్తున్నది ఆ రష్యా డాక్టరే.)

అమ్ముడుపోవడం లేదు, ఏమీ లేదు. నా లెక్క ప్రకారం గోర్బచేవ్ పని 1991 జనవరి 22 రాత్రి తొమ్మిదింటికి అయిపోయింది. ఆ తర్వాత పదకొండు నెలలు కుర్చీలో ఉన్నాడంతే.

మా హాస్టల్ గుమ్మం దగ్గర ఒక ముసలావిడ కూర్చునేది. తాళాలు ఇవ్వడం, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకోవడం, రాత్రి పదకొండు దాటితే తిట్టడం ఆవిడ డ్యూటీ. అందరం ‘త్యోత్యా’ అనేవాళ్ళం, అంటే అత్తయ్యా, పిన్నీ అన్నట్టు. ఆవిడకి గోర్బచేవ్ అంటే ప్రాణం. ఎందుకో తెలుసా? యాస! ఆయన పుట్టిన ప్రివోల్నోయే పల్లె మాకు పక్కనున్న స్తావ్రొపోల్ ప్రాంతంలోదే. ‘గ’ని గొంతులోంచి ‘హ’లాగా పలకడం ఆ దక్షిణాది వాళ్ళ అలవాటు. మాస్కోవాళ్ళు ఆయన ఉచ్చారణకి నవ్వుకునేవాళ్ళు. మన సినిమాల్లో కమెడియన్‌కి ఏ యాస తగిలించేవాళ్ళో గుర్తుచేసుకోండి, అదే బాపతు. త్యోత్యా మాత్రం టీవీలో ఆయన మాట్లాడుతుంటే ‘మనవాడు’ అనేది. తండ్రి పక్కన కంబైన్ (పంట కోసే యంత్రం) మీద ఎండలో పనిచేసి పద్దెనిమిదేళ్ళకే ప్రభుత్వ పతకం తెచ్చుకున్నాడనీ, తాతలిద్దరినీ స్టాలిన్ కాలంలో పట్టుకెళ్ళారనీ, అయినా పార్టీలో పైకొచ్చాడనీ ఇంటి మనిషి గురించి చెప్పినట్టు చెప్పేది. అంతకుముందు నాయకులు బ్రెజ్నేవ్, ఆంద్రోపోవ్, చెర్నెంకో రెండున్నరేళ్ళలో ముగ్గురూ పోయాక 1985 మార్చిలో 54 ఏళ్ళ మనిషి కాగితం చూడకుండా మాట్లాడుతూ వస్తే, దేశం మొత్తం అలాగే మురిసిపోయిందట.

ఆ జనవరి రాత్రి వార్తల్లో చెప్పారు: యాభై, వంద రూబుళ్ళ నోట్లు అర్ధరాత్రి నుంచి చెల్లవు. మార్చుకోడానికి మూడు రోజులు. ఉద్యోగస్తులకి ఎక్కువలో ఎక్కువ వెయ్యి, పెన్షనర్లకి రెండొందలు. బ్యాంకులో ఉన్న డబ్బు కూడా నెలకి ఐదొందలకి మించి తీయకూడదు. నల్లడబ్బు పట్టుకోడానికట! మన దగ్గర 2016లో ఇదే మాట విన్నప్పుడు తెనాలిలో బ్యాంకు ముందు లైన్లో నిలబడి నేనొక్కణ్ణే నవ్వుకున్నాను. మనకి కనీసం యాభై రోజులు ఇచ్చారు.

మా సీనియర్లు తెలివైనవాళ్ళు. రైల్వే స్టేషన్‌కి పరిగెత్తి ఆ నోట్లతో దేశానికి ఆ చివరనున్న వ్లదివోస్తోక్‌కి టికెట్లు కొన్నారు, తర్వాత రద్దు చేసుకోవచ్చని. త్యోత్యా ఎక్కడికి పరిగెడుతుంది? రాత్రి పదకొండింటికి మా గది తలుపు కొట్టింది. గుడ్డలో చుట్టిన పదకొండు యాభై రూబుళ్ళ నోట్లు టేబుల్ మీద పెట్టింది. అవి ఆవిడ చావు ఖర్చులకి దాచుకున్నవి. అక్కడి ముసలమ్మలందరూ పెట్టెకీ, గొయ్యి తవ్వినవాళ్ళకీ, వచ్చినవాళ్ళ భోజనాలకీ అలా దాచుకుంటారు. బ్యాంకులో వేస్తే పోయిన రోజున పిల్లలు తీసుకోలేరని చేతిలోనే ఉంచుకుంటారు. ఆవిడ పేరు మీద నాలుగు నోట్లు మారతాయి. మిగతా ఏడు?

నేను రెండు తీసుకున్నాను. నా రూమ్మేట్ మలయాళీ, వాడు రెండు. మా స్టైపెండ్ తొంభై రూబుళ్ళు, అదీ చిన్న నోట్లలో ఇచ్చేవాళ్ళు. ఆ సంగతి మా క్యాషియర్‌కి తెలుసు. ‘ఈ యాభైలు నీకెక్కడివి’ అంటే దేశం నుంచి పంపించేస్తారేమోనని టెన్షన్. మర్నాడు క్యాషియరమ్మ నా మొహం చూసి, నోట్లు చూసి, ఏమీ అనకుండా మార్చి ఇచ్చింది. మిగిలిన మూడు కూడా తీసుకెళ్ళమని త్యోత్యా అడగలేదు, నేనూ అడగలేదు. ముప్పై ఏళ్ళు దాటింది, ఇప్పటికీ అది గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆ నోట్ల రద్దు ప్రధాని పావ్లోవ్ పని అంటారు. కావచ్చు, కానీ ఉత్తర్వు మీద సంతకం గోర్బచేవ్‌ది. ఆ పావ్లోవే ఆగస్టులో ఆయన్ని దించడానికి కుట్ర చేసిన పాతకాలం కమ్యూనిస్టు పెద్దల్లో ఒకడు. ఎవర్ని పక్కన పెట్టుకోవాలో తెలియని మనిషిని ఏ అమెరికా కూల్చాలండీ?

అంతకుముందు సారా గొడవ ఒకటి. 1985 మేలో మద్యం మీద యుద్ధం ప్రకటించాడు. క్రిమియా, మల్దావియాల్లో ద్రాక్షతోటలు నరికించారు. వోద్కా దొరక్క జనం ఇంట్లో నాటుసారా కాయడం మొదలెట్టేసరికి పంచదార మాయమైంది. నేను వెళ్ళేసరికి పంచదారకి కూపన్లు. టీలో జామ్ కలుపుకోవడం అక్కడి మర్యాద అనుకునేవాణ్ణి, సగం మర్యాద, సగం గతిలేకపోవడం. ఖజానాకి వచ్చే వోద్కా ఆదాయమూ పోయింది. 1995లో మన రాష్ట్రంలో మద్యనిషేధం పెట్టి, రెండేళ్ళకి ఎత్తేసినప్పుడు నాకేమీ ఆశ్చర్యం వేయలేదు. దూబగుంట ఆడవాళ్ళ పోరాటం న్యాయమైనదే, ఆ మాట వేరు. అక్కడ అలాంటి పోరాటమేదీ లేదు, పైనుంచి దిగింది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఈయన పదవిలో ఉండగా ఒక్కసారి కూడా పోటీ ఉన్న ఎన్నికలో జనం ఓటుకి నిలబడలేదు. 1990 మార్చిలో సోవియట్ అధ్యక్షుడయ్యాడు, ఎన్నుకున్నది ప్రతినిధుల సభ, పోటీలో ఆయనొక్కడే. ఆయన ప్రత్యర్థి యెల్‌త్సిన్ 1991 జూన్‌లో ఆ యూనియన్లో ఒక భాగమైన రష్యా అధ్యక్ష పదవికి నేరుగా జనం దగ్గరికెళ్ళి 57 శాతం తెచ్చుకున్నాడు. అప్పుడే తేలిపోయింది ఎవరి మాట చెల్లుతుందో. గోర్బచేవ్ అలా ఓటు అడిగింది, పదవి పోయాక, 1996 రష్యా అధ్యక్ష ఎన్నికలో. వచ్చింది అర శాతం.

ఆగస్టు కుట్ర నాటికి నేను సెలవులకి తెనాలిలో ఉన్నాను. ఆయన్ని క్రిమియాలో ఫోరోస్ బంగళాలో మూడు రోజులు బంధించినప్పుడు, మా నాన్న రేడియో చెవికి ఆనించుకుని ‘ఇక దేశం దారిలో పడుతుంది’ అన్నారు. సోవియట్ భూమి పత్రిక కాగితాలతో నా పుస్తకాలకి అట్టలు వేసిన మనిషి. మూడో రోజు కుట్ర విఫలమైందని విని రేడియో కట్టేసి పొలం వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ దేశం గురించి మా ఇంట్లో మాట లేదు, నా ఫీజు గురించి తప్ప.

ఇక 1991 డిసెంబర్ 25. ‘క్రిస్మస్ రోజున కూలిన ఎర్రకోట’ అని ఇప్పుడు రాస్తుంటారు చూడండి, నాకు ఒళ్ళు మండుతుంది. రష్యావాళ్ళ క్రిస్మస్ జనవరి 7న. ఆ రోజు మామూలు బుధవారం, మాకు పరీక్షల ముందు రోజులు. సాయంత్రం ఏడింటికి కింద టీవీ గదిలో లెనిన్ బొమ్మ పక్కన పదిమందిమి ఉన్నాం. గోర్బచేవ్ తన రాజీనామా ప్రసంగం కాగితం చూసి చదివాడు. రాజీనామా సంతకానికి తన పెన్ను రాయకపోతే అమెరికా వార్తా చానల్ సీఎన్ఎన్ అధిపతి ఇచ్చిన పెన్నుతో చేశాడని తర్వాత తెలిసింది. అరగంటకల్లా క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దించేశారు. ఎవరూ ఏడవలేదు, అరవలేదు. త్యోత్యా గుమ్మం దగ్గర నిలబడే విన్నది, యాస గురించి ఏమీ అనలేదు.

మెట్లెక్కబోతూ తాళం అడిగాను. రిజిస్టర్ తెరిచింది. ఆ రోజు పేజీలో గుర్తుకి యాభై రూబుళ్ళ నోటు పెట్టి ఉంది. దాన్ని పక్కకి జరిపి, ‘ఇక్కడ పెట్టు సంతకం’ అంది.