ఎం25 మీద అంకె మారినప్పుడు

అమ్మా హారికా,

డ్రైవింగ్ టెస్టు పాసయ్యావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. వచ్చే వారం నుంచి ఆఫీసుకి లండన్ చుట్టూ తిరిగే ఎం25 మోటార్‌వే మీదే వెళ్తానన్నావట, అందుకే ఈ ఉత్తరం.

హైదరాబాద్‌లో నువ్వు చూసిన స్పీడు బోర్డుల మీద అంకె పెయింటుతో రాసి ఉంటుంది, మారదు. ఇక్కడ తలపైన గ్యాంట్రీ (రోడ్డుకి అడ్డంగా కట్టిన ఇనుప చట్రం) మీద వెలిగే అంకె ట్రాఫిక్‌ని బట్టి మారుతుంది. మామూలుగా గంటకు 70 మైళ్లు, రద్దీ పెరిగితే 60, 50, 40. ఎం25 పడమటి వైపున 1995 నుంచీ ఈ పద్ధతి ఉంది. అంకె చుట్టూ ఎర్ర వలయం ఉంటే పాటించి తీరాల్సిందే.

చిక్కంతా ఎక్కడంటే, పైన 50 వెలుగుతుంది, ఎదురుగా రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది. ఎందుకు తగ్గాలి అనిపిస్తుంది. ముందెక్కడో బళ్లు నెమ్మదించాయని సెన్సర్లు పసిగట్టి, నీకు కనిపించేలోపే చెబుతున్నాయమ్మా. 70లో ఉన్న కారు ఆగడానికి 96 మీటర్లు కావాలి, 50లో 53 చాలు. తడి రోడ్డయితే రెట్టింపు అనుకో. మలుపు తిరగ్గానే ఆగిన కార్ల వరస ఎదురైతే నిన్ను కాపాడేది ఆ తేడాయే.

ఒకరు బ్రేకు వేస్తే వెనకవాళ్లు ఇంకాస్త గట్టిగా వేస్తారు. అది అలలా వెనక్కి పాకి, ఏ యాక్సిడెంటూ లేకుండానే ట్రాఫిక్ ఆగిపోతుంది. జపాన్‌లో 230 మీటర్ల గుండ్రటి ట్రాక్ మీద 22 కార్లని ఒకే వేగంతో నడపమంటే, కాసేపటికి అడ్డేమీ లేకుండానే జామ్ అయింది. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అందరూ నిలకడగా 50లో వెళ్తే ఆ అల పుట్టడం తగ్గుతుంది, మాటిమాటికీ లేను మారే పనీ ఉండదు.

కెమెరా దగ్గర బ్రేకు తొక్కి, దాటగానే మళ్లీ దూసుకుపోయేవాళ్లు చాలామంది కనిపిస్తారు. వాళ్లని చూస్తే నాకు భయమూ కోపమూ రెండూ వస్తాయి. నువ్వు మాత్రం అంకె దూరంగా కనబడగానే ఎక్సలరేటర్ మీంచి కాలు తీసెయ్, కారే మెల్లగా తగ్గుతుంది. ముందు కారుకి రెండు సెకన్ల ఎడం, వానలో నాలుగు. వెనకవాడు లైట్లు కొడితే టెన్షన్ పడకు, ఎడమ లేను ఖాళీ అవగానే దారివ్వు. ఎర్ర ఎక్స్ వెలిగిన లేనులోకి ఎంత ఆలస్యమైనా వెళ్లకు. అక్కడ చెడిపోయిన కారు పక్కన మనుషులు నిలబడి ఉండొచ్చు.

పాసైన రెండేళ్లలోపు తప్పులకి లైసెన్సు మీద వేసే పెనాల్టీ పాయింట్లు 6 పడితే లైసెన్సు రద్దవుతుంది. స్పీడుకి ఒక్కసారి దొరికితేనే కనీసం 3.

శుక్రవారం సాయంత్రం అంకెలు బాగా మారుతుంటాయి. ఆ వేళకి రా, నేను పక్క సీట్లో కూర్చుంటాను, హీత్రో ఎయిర్‌పోర్టు దాకా వెళ్లొద్దాం.

మీ మామయ్య