సీసా నింపుకునే పాప

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఇంటి దగ్గర ట్యూషన్లు చెబుతాను. తొమ్మిదేళ్ల పాప ఒకతె ఈ ఎండల్లోనూ పొడుగు చేతుల చొక్కాతో వస్తోంది. బాబాయి బండి హారన్ వినగానే సీసాలో నీళ్లు పారబోసి మళ్లీ నింపుకుంటుంది. మొన్న ముంజేతి మీద వేళ్ల అచ్చులు చూశాను. వాళ్లమ్మను అడగనా? నా అనుమానం తప్పయితే?

జవాబు: ఆ సీసా దగ్గరే నా మనసు ఆగిపోయిందమ్మా. వెళ్లడం ఆలస్యం చేసేందుకు ఆ పిల్లకు తెలిసిన ఉపాయం అదొక్కటే కాబోలు. కిందపడితే మోకాలు చెక్కుకుపోతుంది గానీ వేళ్ల అచ్చులు పడవు. అయినా చేసింది బాబాయేనని మీరు తేల్చేయకండి.

ఇంట్లోవాళ్లను ముందుగా అడగవద్దు. ఆ కోపం రాత్రికి పిల్ల మీదే తీరవచ్చు. ‘బాబాయి కొట్టాడా?’ అని ఆమె నోట్లో మాట పెట్టవద్దు. ‘ఏమైందమ్మా?’ అని ఊరుకోండి. చెబితే వినండి, ‘తప్పు నీది కాదు’ అనండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం మాట ఇవ్వకండి. తేదీ, చూసినది, ఆమె అన్న మాటలు అన్నట్టే నోటుపుస్తకంలో రాయండి. ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పడం మహా పాపం.

పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. పగలూ రాత్రీ పలుకుతారు. ప్రాణాపాయమైతే అత్యవసర నంబరు 112. రుజువు చేయడం మీ పని కాదు, విచారణ వాళ్లది. లైంగిక హింస అనుమానముంటే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. సదుద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు. ఆ చట్టం కింద పిల్ల వాంగ్మూలం తీసుకునే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు.

‘ఇంటి గుట్టు’ అనే పెద్దలు మీకూ ఎదురవుతారు. వాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఈ సాయంత్రం హారన్ మోగేలోపే ఫోను చేయండి.