సీడీ ప్లేయర్ బాగు చేయించాలా, ల్యాప్‌టాప్‌కు మారాలా?

పాత సీడీ ప్లేయర్ మొరాయిస్తోంది, దాన్ని బాగు చేయించాలా, ల్యాప్‌టాప్‌నే యాంప్లిఫయర్‌కు కలుపుకోవాలా, కలిపితే సీడీ అంత స్వచ్ఛంగా వినిపిస్తుందా అని అడిగారు. మాది కడప. నాలుగేళ్ల కిందట నాకూ ఇదే సందిగ్ధం వచ్చింది. లెన్సు మీద దుమ్ము చేరి, డిస్కు పెడితే గరగరమని తిరిగి ఊరుకునేది. దూదితో తుడిస్తే కొన్నాళ్లు పాడింది. తర్వాత లేజర్ భాగమంతా మార్చాలన్నారు, ఆ మోడల్‌కు అది దొరకలేదు. అలా మారాను తప్ప కంప్యూటర్ మీద మోజుతో కాదు.

సీడీలో ఉన్నవి అంకెలే. సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు, రెండు చానళ్లు. వాటిని కంప్యూటర్‌లో ఫ్లాక్ అనే రకం ఫైలుగా దాచుకుంటే ఒక్క బిట్టు కూడా పోదు, చోటు మాత్రం సగానికి దగ్గరగా తగ్గుతుంది. పైగా గీతలు పడిన డిస్కు విషయంలో కంప్యూటర్‌దే పైచేయి. ప్లేయర్ పాడుతూనే చదవాలి కాబట్టి సరిదిద్దలేని తప్పు వస్తే పక్క నమూనాలను బట్టి ఊహించి పూడుస్తుంది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి ప్రోగ్రాము అనుమానం వచ్చిన చోటును మళ్లీ మళ్లీ చదువుతుంది. అయితే రోడ్డు పక్కన కొన్న 'వంద పాటల' డిస్కులు వేరు. అవి ఎంపీ3లు, అప్పటికే కోత పడినవి. వాటిని ఫ్లాక్‌గా మార్చినా పోయింది తిరిగి రాదు. నా దగ్గర సగం అవే అని తేలినప్పుడు కాస్త సిగ్గుపడ్డాను.

మొదట్లో స్నేహితుడి ప్లేయర్ తెచ్చి పక్కపక్కన విన్నాను. సీడీయే బాగుందనిపించింది. కారణం తర్వాత తెలిసింది. ప్లేయర్ నుంచి సుమారు 2 వోల్టులు వస్తాయి, ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి సాధారణంగా అంతకన్నా తక్కువ. కొంచెం బిగ్గరగా ఉన్నదే మన చెవికి మెరుగ్గా తోస్తుంది. చిన్న యూఎస్‌బీ డీఏసీ, అంటే అంకెలను ధ్వనిగా మార్చే పెట్టె, కొని, రెండింటి శబ్దమూ సమానం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా మా అబ్బాయి చేత మార్పించాను. పదిసార్లలో నేను సరిగ్గా చెప్పింది ఐదు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది!

కంప్యూటర్‌తో వచ్చే చికాకులు వేరు. చార్జర్ తగిలిస్తే స్పీకర్లలో సన్నగా గుయ్యిమని రొద. యాంప్లిఫయర్‌నూ ల్యాప్‌టాప్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే తగ్గింది, బ్యాటరీ మీద వింటే పూర్తిగా పోయింది. విండోస్ అన్ని శబ్దాలనూ కలిపి ఒకే నమూనా వేగానికి, తరచూ సెకనుకు 48,000కు, మార్చి పంపుతుంది. ఫూబార్2000 అనే పాటలు వినిపించే ప్రోగ్రాములో వాసాపీ ఎక్స్‌క్లూజివ్, అంటే పాటను నేరుగా డీఏసీకి పంపే పద్ధతి, ఎంచుకుంటే ఆ మార్పు ఉండదు. నా చెవికి తేడా తెలియలేదు కానీ, పాట మధ్యలో మెయిల్ వచ్చిన 'టింగు' మాత్రం ఆగింది. అదే పెద్ద లాభం.

ఇంత చేశాక అసలు తేడా ఎక్కడ వచ్చిందంటే, నేల దగ్గర. మా హాలంతా నునుపు చేసిన కడప బండలు, గోడలు బోసిగా ఉంటాయి. చప్పట్లు కొడితే గది తిరిగి కొట్టేది. స్పీకర్లకూ కుర్చీకీ మధ్య మందపాటి జంపఖానా పరిచి, ఎదుటి కిటికీకి బరువైన తెర వేశాను. వయొలిన్ గీర తగ్గింది, మృదంగం దెబ్బ విడిగా వినబడింది. డీఏసీకి పెట్టిన డబ్బుతో అంత మార్పు రాలేదు.

అందుకే మీ ప్లేయర్ లెన్సు తుడిస్తే పనిచేస్తే దాన్నే వాడుకోండి. భాగం మార్చాల్సి వస్తే మాత్రం ఆ ఖర్చును డీఏసీకి, సీడీ డ్రైవుకు మళ్లించండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవు సాధారణంగా ఉండదు, విడిగా కొనాలి. ఎక్కించాక డిస్కులు పారేయకండి. నా హార్డ్ డిస్కు ఒక వేసవిలో చచ్చిపోతే అరవై ఆల్బములు మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకున్నాను. అప్పటి నుంచి రెండో నకలు మా తమ్ముడి ఇంట్లో ఉంటోంది.