అవార్డుల వారంలో రివ్యూ రాసేవాళ్ల పని ఎలా ఉంటుంది? నల్గొండ నుంచి నా అనుభవం

"మాది మహబూబ్‌నగర్. డిగ్రీ చదువుతున్నాను. సినిమా రివ్యూలు రాయాలని ఉంది. అవార్డులు ప్రకటించే రోజుల్లో క్రిటిక్‌లకు వారం ఎలా గడుస్తుంది? హైదరాబాద్‌లో లేకపోతే ఈ పని అవుతుందా?" అని అడిగారు.

నేను నల్గొండలోనే ఉంటాను. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను. 2014 నుంచి ఒక పత్రికకు రివ్యూలు రాస్తున్నాను. రెండో ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను: అవుతుంది. మొదటి ప్రశ్నకు మాత్రం నాకు గుర్తుండిపోయిన ఒక వారం గురించి చెప్తాను. 2025 మే నెలాఖరు, ప్రజాగాయకుడు గద్దర్ పేరు మీద తెలంగాణ ప్రభుత్వం సినిమాలకు ఇచ్చే గద్దర్ అవార్డులు ప్రకటించిన వారం.

మన దగ్గర అవార్డులకు ఒక సీజన్ అంటూ లేదు. అమెరికాలో జనవరిలో గోల్డెన్ గ్లోబ్స్‌తో మొదలై మార్చిలో ఆస్కార్‌తో ముగుస్తుంది, అక్కడి వాళ్లు ముందే సర్దుకోగలరు. ఇక్కడ అవి ఎప్పుడొస్తాయో చెప్పలేం. 2023 సినిమాలకు ఇచ్చే జాతీయ అవార్డులు 2025 ఆగస్టు 1న వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే నంది అవార్డులైతే 2014, 2015, 2016 మూడేళ్లవీ కలిపి 2017 నవంబర్‌లో ఒకేసారి ప్రకటించారు. అందుకే మాకు పని వచ్చిందంటే కుండపోతగానే వస్తుంది.

ఆ గురువారం, మే 29న, జయసుధ గారి అధ్యక్షతన ఉన్న జ్యూరీ 2024 సినిమాల జాబితా ఇచ్చింది. ఉత్తమ చిత్రం కల్కి, ఉత్తమ నటుడు అల్లు అర్జున్, ఉత్తమ నటి నివేదా థామస్. జాబితా ఫోన్‌లోకి వచ్చిన పది నిమిషాలకే పత్రిక డెస్క్ నుంచి కాల్. "సార్, రాత్రి ఎనిమిదికల్లా ఆరువందల మాటలు కావాలి." ఇందులో పెద్దగా చెప్పడానికేం లేదు. 2024 సినిమాలు కళ్ల ముందే ఉన్నాయి, రాసి పంపేశాను.

అసలు పని శుక్రవారం మొదలైంది. శుక్రవారం అంటే మాకు ఎలాగూ రిలీజ్ రోజు. రోహిణి కార్తెలో రోళ్లు పగలాలంటారు కానీ, ఆ ఏడు రుతుపవనాలు ముందే వచ్చేశాయి, ఊరంతా ఉక్కపోత. మార్నింగ్ షో చూసి, క్లాక్ టవర్ దగ్గర ఒక చాయ్ తాగి, ఇంటికొచ్చి రివ్యూ రాసేసరికి మూడు దాటింది. ఇంతలో రెండో జాబితా వచ్చింది. మురళీమోహన్ గారి అధ్యక్షతన ఉన్న కమిటీ 2014 నుంచి 2023 వరకు ఏడాదికి మూడు చొప్పున ఉత్తమ చిత్రాలు ఎంపిక చేసింది. పదేళ్లు, ముప్పై సినిమాలు. వాటన్నిటి మీదా ఒక పేజీ కావాలి, అదీ ఆ రాత్రికే.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. మీరు ఈ పనిలోకి వస్తే మీకూ ఇది ఎదురవుతుంది.

2016కి మొదటి ఉత్తమ చిత్రంగా శతమానం భవతి ఉంది. ఆ సినిమా నేను 2017 సంక్రాంతికి చూశాను, బాగా గుర్తు. 2021కి ఆర్ఆర్ఆర్ ఉంది. అది వచ్చింది 2022 మార్చి 25న. వెంటనే "సంవత్సరాలు తారుమారయ్యాయి, కమిటీ చూసుకోలేదు" అని రెండు వాక్యాలు రాశాను. వ్యాసం డెస్క్‌కు పంపి, అదే మాట నా ఫేస్‌బుక్ పేజీలో కూడా పెట్టాను. ఏదో కనిపెట్టానన్న ఊపు. నలభై నిమిషాల్లో చాలామంది షేర్ చేశారు.

డెస్క్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. నేను రాయడం మొదలుపెట్టిన నాటి నుంచి నా కాపీ దిద్దుతున్నది ఆయనే. ఫోన్ చేసి ఒక్కటే అడిగారు.

"సెన్సార్ ఎప్పుడైంది?"

నాకు మాట రాలేదు. ప్రభుత్వ అవార్డులకు లెక్క సెన్సార్ సర్టిఫికెట్ తేదీ. జనవరి 1 నుంచి డిసెంబర్ 31 లోపు సర్టిఫికెట్ వచ్చిన సినిమా ఆ ఏడాది ఖాతాలోకి వెళ్తుంది, థియేటర్‌కు ఎప్పుడు వచ్చినా సరే. సంక్రాంతి సినిమాలు డిసెంబర్‌లోనే సెన్సార్ చేయించుకుంటే ముందు ఏడాదిలో పడతాయి. ఆర్ఆర్ఆర్ విడుదల జనవరి నుంచి మార్చికి వాయిదా పడింది కానీ, సెన్సార్ అప్పటికే అయిపోయింది. జాతీయ అవార్డుల్లో కూడా అది 2021 సినిమాగానే ఉంది. హనుమాన్ కూడా అంతే, 2024 జనవరిలో విడుదలై 2023 జాబితాలో ఉంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా తొందరలో మరిచిపోయాను.

పేజీలో ఆ రెండు వాక్యాలు ఆయన తీసేశారు. నా పోస్టును మాత్రం నేను తీసేయలేదు. తీసేస్తే షేర్ చేసినవాళ్ల దగ్గర తప్పు అలాగే ఉండిపోతుంది. దాని పైనే "నేను రాసింది తప్పు, కమిటీది తప్పు లేదు, కారణం ఇదీ" అని సవరణ రాశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కష్టపడి పని చేసిన జ్యూరీ మీద నేను పది మందికీ అనుమానం పుట్టించానన్న బాధ అది.

శనివారం పొద్దున బీరువాలోంచి నా పాత నోట్‌బుక్కులు తీశాను. థియేటర్‌లో చీకట్లో రాసుకునేవి. గీతల మీద గీతలు, ఒక లైను మీద ఇంకో లైను ఎక్కి ఉంటుంది. పేజీ మూలకు ఆ రోజు టికెట్ ముక్క పిన్ను కొట్టి ఉంటుంది, చాలా టికెట్ల మీద సిరా ఎగిరిపోయి తెల్లకాగితం అయిపోయింది. అవార్డుల వారంలో నేను తప్పకుండా చేసే పని ఇదే. జ్యూరీ ఏ సినిమాకు ఇచ్చిందో, అదే సినిమా గురించి నేను విడుదల రోజున ఏం రాశానో పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. తేడా ఉన్నచోట సినిమా మళ్లీ చూస్తాను. కొన్నిసార్లు నా మాట మీదే నిలబడతాను. కొన్నిసార్లు నిలబడలేను.

ఆ వారం నిలబడలేకపోయింది బలగం విషయంలో.

2023కి మొదటి ఉత్తమ చిత్రం అది. ఇంటి పెద్ద పోయాక ఆయన పేరున పెట్టిన విస్తరిని పిట్ట, అంటే కాకి, ముట్టకపోవడం చుట్టూ తిరిగే కథ. 2023 మార్చి 3న చూసినప్పుడు నా నోట్‌బుక్‌లో ఇలా ఉంది: "ఏడుపు ఎక్కువ. రెండో సగం ఉన్నచోటే తిరుగుతోంది. పిట్ట సీన్లు తగ్గిస్తే బాగుండు." రివ్యూలో కూడా దాదాపు ఇదే రాశాను. పది రోజుల తర్వాత, మార్చి 13 పొద్దున, టీవీలో నాటు నాటుకు ఆస్కార్ ప్రకటించగానే ఆ హడావుడిలో పడిపోయాను, బలగం గురించి మళ్లీ ఆలోచించనే లేదు.

ఈసారి ఆదివారం రాత్రి అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. అమ్మకు సినిమాలంటే పెద్దగా ఆసక్తి లేదు, మధ్యలో లేచి వెళ్లిపోతుందనుకున్నా. పిట్ట ముట్టని సీను రాగానే ఆమె ముందుకు జరిగి కూర్చుంది. మా తాత పోయినప్పుడు జరిగింది చెప్పడం మొదలుపెట్టింది. చెరువు కట్ట కింద విస్తరి పెట్టి అందరూ దూరం జరిగారట. కాకి వచ్చి చింతచెట్టు మీద వాలింది, దిగలేదు. "మీ పెద్దనాయన పోయి దండం పెట్టిండు, రాలె. మీ చిన్నాయన పోయిండు, రాలె. మీ మేనత్త పోయి, అమ్మను నేను సూసుకుంట నాయినా అని మాట ఇచ్చింది. అప్పుడు దిగింది" అంది. ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. తెర మీద వాళ్లు ఇంకోసారి విస్తరి పెడుతున్నారు.

నాకు అప్పుడు అర్థమైంది. ఆ సినిమాలో ఒకే పని మళ్లీ మళ్లీ జరగడం నెమ్మదితనం అనుకున్నాను. కానీ పిట్ట ముట్టుడు అంటేనే అది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, పోయిన మనిషికి ఏం బాకీ ఉన్నామో గుర్తు చేసుకునే దాకా అది ఆగదు. రెండు గంటల షో మధ్యలో, గడియారం చూసుకుంటూ, సాయంత్రానికి కాపీ ఇవ్వాలన్న టెన్షన్‌లో కూర్చున్నవాడికి అది తెలియలేదు. చెరువు కట్ట మీద నిలబడ్డ మనిషికి తెలుసు.

ఇంకో మాట. ఆ సినిమా భాష సిరిసిల్ల వైపుది. మా నల్గొండ మాటకూ దానికీ తేడా ఉంది, మీ పాలమూరు మాట మళ్లీ వేరు. కొన్ని మాటలకు అమ్మ "మనోళ్లు గిట్ల అనరు" అంది. అయినా ఎక్కడా పరాయిదిగా అనిపించలేదు. తెలంగాణ యాస అంటే విలన్‌కో, నవ్వించే పాత్రకో పెట్టేది అన్నట్టుగా ఎన్నో ఏళ్లు చూశాం. ఆ యాసలో ఇంటిల్లిపాదీ ఏడ్చే సినిమా రావడం, దానికి రాష్ట్ర ప్రభుత్వ అవార్డు రావడం నాకు చాలా పెద్ద సంగతి. మీరు రాస్తే ఈ యాసల తేడా గురించి తప్పకుండా రాయండి. హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లకు ఇది వినపడదు. నల్గొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో, వనపర్తిలోనో ఉన్నవాళ్లకే వినపడుతుంది.

"నా పాత రివ్యూలో తప్పు" అని మొదలుపెట్టి కొత్త వ్యాసం రాసి పంపాను. తప్పు ఒప్పుకుంటే రేపు ఎవరు నమ్ముతారని డెస్క్‌లో కుర్రాళ్లు కొందరు అన్నారు. పెద్దాయన ఒక్క అక్షరం మార్చకుండా వేశారు.

సోమవారం జూన్ 2, రాష్ట్ర అవతరణ దినం. ఆ రోజుకు గద్దర్ పేరు మీద ఒక చిన్న వ్యాసం అడిగారు. ఇది రాయడం నాకు ఎంతో ఇష్టమైంది, ఎందుకంటే ఇందులో మా జిల్లా ఉంది. గద్దర్ తెర మీద కనిపించి బండెనక బండి కట్టి పాడింది మా భూమి సినిమాలో. అది తెలంగాణ రైతాంగ పోరాటం నాటి పాట. అదే సినిమాలో ఉన్న పల్లెటూరి పిల్లగాడా పాట రాసింది సుద్దాల హనుమంతు. సుద్దాల అప్పటి నల్గొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. ఆయన కొడుకు సుద్దాల అశోక్ తేజకు 2003 సంవత్సరానికి జాతీయ ఉత్తమ గీత రచయిత అవార్డు వచ్చింది. కత్తి కాంతారావు మా కోదాడ వైపు గుడిబండ మనిషి, డాక్టర్ చదివి నటుడైన ప్రభాకర్ రెడ్డిది తుంగతుర్తి. సినిమా అంటే హైదరాబాద్‌దో, అంతకుముందు మద్రాసుదో అని మా పిల్లలు అనుకుంటారు. అందుకే క్లాసులో కూడా ఈ పేర్లు చెప్తుంటాను.

తర్వాత రెండు రోజులు పాఠకుల ఉత్తరాలు, ఫోన్లు. "మా హీరోకు ఎందుకు రాలేదు" అన్నవే ఎక్కువ, వాటికి జవాబు ఉండదు. ఒకరు మాత్రం మంచి ప్రశ్న అడిగారు. నందిలో 2016కి ఉత్తమ చిత్రం పెళ్లి చూపులు కదా, ఇప్పుడు అది రెండోది ఎలా అయింది అని. అదే ఏడాదికి జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం పెళ్లి చూపులే, అందరినీ అలరించిన సినిమాగా శతమానం భవతికి వేరే అవార్డు ఇచ్చారు. మూడు జ్యూరీలు, అవే సినిమాలు, వేర్వేరు వరుసలు. ఇందులో ఎవరిదీ మోసం కాదు. జ్యూరీలో కూర్చున్న మనుషులు మారితే వాళ్లు దేనికి విలువ ఇస్తారో మారుతుంది. అందుకే అవార్డు వచ్చింది కాబట్టి గొప్ప సినిమా అని గానీ, రాలేదు కాబట్టి తక్కువ అని గానీ నేను ఎప్పుడూ రాయను. ఎందుకు ఇచ్చి ఉంటారో సినిమాలోంచే వెతికి రాస్తాను.

జూన్ 14న హైటెక్స్‌లో వేడుక జరిగింది. నేను వెళ్లలేదు, టీవీలో చూసి రాశాను. ప్రెస్ మీట్లకు, ఇంటర్వ్యూలకు హైదరాబాద్‌లో మనిషి ఉండాలి, అది నిజమే. అవసరమైనప్పుడు పొద్దున్నే బస్సు ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగి మెట్రో పట్టుకుంటే పని అయిపోతుంది. సినిమా చూడడానికి, రాయడానికి మాత్రం మన ఊరే చాలు. ఖర్చుల సంగతి కూడా చెప్పాలి కదా: రివ్యూకు ఇంత అని ఇస్తారు, దాని మీదే ఇల్లు గడవదు. చేతిలో ఇంకో పని ఉంచుకోండి.

మీరు రేపే మొదలుపెట్టాలంటే ఒకటి చెప్తాను. ఆ జాబితాలోంచి 2020 తీసుకోండి. అల వైకుంఠపురములో, కలర్ ఫొటో, మిడిల్ క్లాస్ మెలొడీస్. మొదటిది సంక్రాంతికి థియేటర్‌లో వచ్చింది. మిగతా రెండూ కరోనా రోజుల్లో నేరుగా ఓటీటీలోకి వచ్చాయి. ఎవరి రివ్యూలూ చదవకుండా మూడూ చూడండి, వీలైతే ఒకటి ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూడండి. మీరైతే ఏ వరుసలో పెడతారో, ఎందుకో రెండు పేజీలు రాయండి. రాసింది ఇక్కడే కింద పెట్టండి, నేను చదివి చెప్తాను.