పాలిటీ బిట్లు వచ్చినంత మాత్రాన ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ తేలికవుతుందా?

ప్రశ్న: గుంటూరులో బీకాం పూర్తయింది. గ్రూప్-2 కోసం పాలిటీ (రాజ్యాంగం, పాలనా వ్యవస్థ) బాగా చదివాను. నాగార్జున యూనివర్సిటీలో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చేద్దామనుకుంటున్నాను. చదివిన సబ్జెక్టే కాబట్టి తేలికేనా? తెలుగులో రాస్తే నష్టమా?

జవాబు: తేలికని మాత్రం అనుకోకండి. పాలిటీ ఈ సబ్జెక్టులో ఒక మూల. దాంతో పాటు రాజకీయ సిద్ధాంతం, పాశ్చాత్య, భారతీయ రాజకీయ చింతన, తులనాత్మక రాజకీయాలు, అంతర్జాతీయ సంబంధాలు, పాలనా శాస్త్రం ఉంటాయి. బిట్‌కి ఏ సవరణ, ఏ ఏడు అన్నది తెలిస్తే చాలు. ఇక్కడ అడిగేది అది ఎందుకొచ్చింది, అనుకున్న పని చేసిందా అని.

పార్టీ ఫిరాయింపులే తీసుకోండి. 52వ సవరణ, 1985, పదో షెడ్యూల్ అని మీకు నోటికి వచ్చే ఉంటుంది. ఒక్కసారి ఆ షెడ్యూల్ తెరిచి చదవండి, కొద్ది పేజీలే. మూడో పేరా కనిపించదు. మూడో వంతు మంది చీలిపోతే అనర్హత పడదన్న మినహాయింపు అందులో ఉండేది, 2003లో 91వ సవరణ దాన్ని తీసేసింది. నాలుగో పేరాలోని విలీనం మాత్రం మిగిలింది, దానికి శాసనసభా పక్షంలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఆరో పేరా ప్రకారం అనర్హత తేల్చేది స్పీకర్. ఆ తీర్పు కూడా న్యాయ సమీక్షకు లోబడేదేనని 1992లో కిహోటో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి స్పీకర్ ఎన్నాళ్లలో తేల్చాలి? షెడ్యూల్‌లో గడువు లేదు.

ఎం.ఏ. జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది. పార్టీ టికెట్ మీద గెలిచిన స్పీకర్‌కే ఈ తీర్పు పని అప్పగించడం సబబా? విప్ (ఇలా ఓటేయమనే పార్టీ ఆదేశం) ప్రకారం ఓటేసే ఎమ్మెల్యే పార్టీకి ప్రతినిధా, నియోజకవర్గానికా? 1774లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ఓటర్లతో అక్కడి ఎంపీ, రాజకీయ చింతకుడు ఎడ్మండ్ బర్క్, ప్రతినిధి తన సొంత విచక్షణను ఓటరు మాటకు కూడా బలిపెట్టకూడదన్నాడు. ఆయన్ని పదో షెడ్యూల్ పక్కన నిలబెట్టి రాస్తే సిద్ధాంతం పేపరు, రాజ్యాంగం పేపరు రెండూ ఒకే చదువని తెలుస్తుంది. ఎక్కువమంది వాటిని విడివిడిగా బట్టీ పట్టి రెండింట్లోనూ మార్కులు పోగొట్టుకుంటారు.

తత్వవేత్తలకు ఒక్కొక్కరికి ఒకే కాగితం పెట్టుకోండి: ఆయన ఏ గొడవల మధ్య రాశాడు, ముఖ్యంగా ఏమన్నాడు, దానికి గట్టి అభ్యంతరం ఏది, మన దగ్గరి ఉదాహరణ ఏది. ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ కాగితం మీద నాలుగో గడికి చీరాల-పేరాల ఉద్యమం బాగా అతుకుతుంది. మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఇళ్లు వదిలి ఊరి హద్దు బయట రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. చీరాల అప్పటికి గుంటూరు జిల్లాయే. ఒక పాలన కింద ఉండిపోవడమే దానికి మౌన సమ్మతి అని లాక్ వాదన. వీళ్లు ఉండం అన్నారు. అయితే మునిసిపాలిటీ హద్దు దాటారు గానీ బ్రిటిష్ పాలన హద్దు దాటలేకపోయారు. లాక్ మీద పెట్టదగ్గ అభ్యంతరం సరిగ్గా అదే, పేదవాడు ఎక్కడికని పోగలడు?

తెలుగులో రాస్తే భావం విషయంలో నష్టం లేదు, ఒకచోట లాభం కూడా. ఇంగ్లిష్‌లో ‘స్టేట్’ అనే ఒక్క మాటకు మనకు రాజ్యం, రాష్ట్రం అని రెండున్నాయి. 12వ అధికరణ చెప్పే రాజ్యంలో పార్లమెంటు నుంచి స్థానిక సంస్థల దాకా వస్తాయి, కాబట్టి ప్రాథమిక హక్కుల లెక్కలో గుంటూరు నగరపాలక సంస్థ కూడా రాజ్యమే. 3వ అధికరణలోది మాత్రం రాష్ట్రం. ఈ తేడా పట్టుకోని వాళ్లు ఆదేశిక సూత్రాలు రాష్ట్రాలకు చెప్పినవని రాసేస్తారు. పారిభాషిక పదాలు పుస్తకానికో తీరుగా ఉంటాయి, ఒకటి ఎంచుకుని జవాబు చివరిదాకా అదే వాడండి. తర్వాత నెట్ (లెక్చరర్ ఉద్యోగాలకు అర్హత పరీక్ష) రాసే ఆలోచన ఉంటే, పొలిటికల్ సైన్స్ పేపరు ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. కనుక మొదటి సెమిస్టర్ నుంచే ప్రతి పదానికీ ఇంగ్లిష్ మాట పక్కన రాసుకోండి.

పుస్తకాలకు బెజవాడ లెనిన్ సెంటర్‌లో పాతవి వెతకొచ్చు. చింతన, సిద్ధాంతం పుస్తకాలు ఎంత పాతవైనా ఫరవాలేదు. రాజ్యాంగం గైడ్లు మాత్రం పాతవి కొనకండి. పైన చెప్పిన మూడో వంతు చీలికను ఇప్పటికీ ఉన్నట్టు చెప్పేవి దొరుకుతాయి, ఆర్థికంగా వెనుకబడిన వారి రిజర్వేషన్ల 103వ సవరణ (2019), చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ల 106వ సవరణ (2023) వాటిలో ఉండవు.

స్థానిక పాలన చదివేటప్పుడు మీ ఊళ్లో రెండు గుమ్మాలూ ఎక్కి చూడండి. పంచాయతీ అంటే ఎన్నికైన సంస్థ, 73వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చింది. గ్రామ సచివాలయం 2019 అక్టోబరు 2న మొదలైన ప్రభుత్వ కార్యాలయం, దానికి ఓటర్లుండరు. పదకొండో షెడ్యూల్‌లోని 29 అంశాలు పట్టుకెళ్లి, ఒక్కోదానికి నిధులెవరివి, సంతకం ఎవరిది అని అడిగి రాసుకోండి. వికేంద్రీకరణ మీద ఏ గైడులోనూ దొరకని జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది.

అడ్మిషన్ ఏపీ పీజీసెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) ర్యాంకుతో. బీకాంతో అర్హత సంగతి ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకుని దరఖాస్తు పెట్టండి.