కాల్క్యులస్ క్లాస్ డ్రాప్ చేస్తే యూసీ సీటు పోతుందా?

సందేహం: మా అబ్బాయి ఫ్రీమాంట్‌లో కమ్యూనిటీ కాలేజీ రెండో సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. ఈ ఫాల్‌లో కాల్క్యులస్ రెండో కోర్సులో మిడ్‌టర్మ్ పోయింది, డ్రాప్ చేస్తానంటున్నాడు. ట్రాన్‌స్క్రిప్ట్‌లో డబ్ల్యూ (కోర్సు మధ్యలో వదిలేసినట్టు గుర్తు) పడితే యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) వాళ్లు ట్రాన్స్‌ఫర్‌కి తీసుకుంటారా అండీ? మాకు ఒకటే టెన్షన్.

జవాబు: ముందు వీసా సంగతి చూసుకోండి. ఎఫ్‌-1 అయితే టర్మ్‌కి 12 యూనిట్ల కంటే తగ్గకూడదు. తగ్గేలా ఉంటే డ్రాప్ చేయకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి ఉండాలి. వదిలేశాక వెళ్లి చెబితే స్టేటస్‌కే ఎసరు. హెచ్‌-4 (తల్లిదండ్రుల హెచ్‌-1బీ మీద వచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉంటే ఈ గొడవ లేదు.

ఇక డబ్ల్యూ. మనవాళ్లు దాన్ని ఇంటర్ మెమోలో ఫెయిల్ లాగా చూస్తారు. అది జీపీఏలో లెక్కకే రాదు. ఒకటి ఉన్నంత మాత్రాన ఎవరూ అప్లికేషన్ పక్కన పడేయరు. ప్రతి టర్మ్‌లో ఒకటి కనిపిస్తే మాత్రం అనుమానం వస్తుంది, రావాలి కూడా.

"ఎలాగోలా గట్టెక్కరా" అని తండ్రులు చెప్పే సలహా నాకు నచ్చదు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు సీ వచ్చిందనుకోండి, అది పాస్ గ్రేడు కాబట్టి మళ్లీ చదివి మార్చుకోవడానికి సాధారణంగా కాలేజీ ఒప్పుకోదు. యూసీ కూడా అలాంటి రిపీట్‌ని జీపీఏలో కలపదు. కంప్యూటర్ సైన్స్‌కి పోటీ పడేవాడికి లెక్కల్లో సీ భారమే. డబ్ల్యూ తీసుకుని తర్వాత ఏ గ్రేడు తెచ్చుకోవడం చాలా నయం. కాకపోతే డబ్ల్యూ కూడా ఒక ప్రయత్నం కిందే లెక్క, మామూలుగా ఒక కోర్సుకి మూడే ఛాన్సులు.

మీ విషయంలో నా భయం వేరే. ఈ కాల్క్యులస్ వదిలేస్తే స్ప్రింగ్‌లో దాని తర్వాతి కోర్సు మల్టీవేరియబుల్ కాల్క్యులస్ తీసుకోలేడు. వచ్చే ఫాల్‌లో చేరాలంటే మేజర్‌కి కావాల్సిన కోర్సులు ఈ స్ప్రింగ్‌కల్లా అయిపోవాలని చాలా క్యాంపస్‌లు అడుగుతాయి. డబ్ల్యూ ఏమీ చేయకపోయినా ఆ గొలుసు తెగడం వల్ల సీటు పోవచ్చు. అసిస్ట్ వెబ్‌సైట్‌లో మీ కాలేజీ, వెళ్లాలనుకునే క్యాంపస్, మేజర్ పెట్టి చూడండి, ఏవి తప్పనిసరో వస్తుంది. టాగ్ (షరతులు నెరవేరిస్తే ట్రాన్స్‌ఫర్ సీటు గ్యారంటీ ఇచ్చే ఒప్పందం) పెట్టి ఉంటే దాని షరతులూ చూసుకోవాలి.

అప్లికేషన్‌లో దాచడం పనికిరాదు. తీసుకున్న ప్రతి కోర్సూ, డబ్ల్యూతో సహా, రాయాల్సిందే. అప్లై చేశాక డ్రాప్ చేస్తే జనవరిలో నింపే అప్‌డేట్‌లో చెప్పాలి. కారణం కామెంట్స్‌లో రెండు వాక్యాలు చాలు, కన్నీటి గాథ అక్కర్లేదు. అడ్మిషన్ వచ్చాక స్ప్రింగ్‌లో డ్రాప్ చేయడం అన్నిటికంటే ప్రమాదం. ఆ ఆఫర్ షరతులతో ఇచ్చేది, వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకుంది. తప్పనిసరైతే ముందు క్యాంపస్‌కి రాసి, జవాబు వచ్చాకే వదలాలి.

డబ్ల్యూతో బయటపడే ఆఖరి తేదీ ప్రతి క్లాస్‌కీ వేరుగా ఉంటుంది, స్టూడెంట్ పోర్టల్‌లో కనిపిస్తుంది. ఫైనల్స్‌కి చాలా ముందే అయిపోతుంది. ఆలోపు ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లి, ఇప్పుడున్న మార్కులతో బీ సాధ్యమేనా అని వాణ్ణే అడగమనండి. సాధ్యమంటే ట్యూటరింగ్ సెంటర్‌లో కూర్చోబెట్టి లాగించండి. కాదంటే, స్ప్రింగ్ గొలుసు అవసరం లేని క్యాంపస్ ఒకటైనా లిస్టులో ఉందో లేదో కౌన్సిలర్‌తో చూసుకున్నాకే డ్రాప్ బటన్ నొక్కమనండి.